అరువు నడక

“మళ్ళీ పెట్టండి,” అంది టక్కరి.

ఇన్‌స్పెక్టరు తన సెల్‌ఫోన్‌లోని వీడియోని వేలితో వెనక్కి జరిపాడు. ముందుగది మళ్ళీ ఆ చప్పుడుతో నిండింది.

టక్. జర్ర్. టక్. జర్ర్.

వెంటనే హాలంతా నవ్వు. ఆ నవ్వు మీదుగా అన్నయ్య గొంతు. గొంతు అన్నయ్యదే కాని మాట పెద్దాయనది. ఊరిని ఏలుతున్న ఆ నాయకుడు ప్రతి మాటకీ ముందు ముక్కుతో తీసే చిన్న రాగాన్ని కూడా దించేశాడు. “వస్తున్నాయి! మీ ఇంటికి నీళ్ళు దార్లో ఉన్నాయి!” టక్. జర్ర్. “ఇదిగో, వచ్చేస్తున్నాయి!” టక్. జర్ర్. ఈసారి నవ్వుతో పాటు ఎవరో కుర్చీ చేతిని దబదబా బాదుతున్నారు.

“చాలామ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె తలూపింది. నోరు తెరిస్తే ఏ గొంతు వస్తుందో ఆమెకే తెలియదు.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేతిలో గిన్నె. తుడవడం ఆగిపోయింది. వదిన కిటికీ ఊచలు పట్టుకుని, అక్కడేదో వింత జరుగుతున్నట్టు ఖాళీ వీధిలోకి చూస్తోంది. అన్నయ్య స్టేషను నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు. స్టూలు మీద కూర్చుని ఆ చెప్పులనే చూసుకుంటున్నాడు. ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు. చూస్తే బయటపడిపోతుంది.

ఆ చప్పుడు ఎవరిదో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

టక్ అనేది చంకకర్ర. జర్ర్ అనేది దాని వెనక వచ్చే ఎడమకాలు, పసితనంలో జ్వరం తినేసిన కాలు. ఆ టక్‌టక్ విని అన్నయ్యే పెట్టాడు ఆ పేరు. టక్కరి. మాయదారి పిల్ల అన్న అర్థం కూడా దానికి కలిసొచ్చిందని చిన్నప్పుడు ఎంత పొంగిపోయాడో! ఇప్పుడామె అసలు పేరు నీళ్ళ ఆఫీసులో తప్ప ఇంకెక్కడా వినపడదు.

ఇన్‌స్పెక్టరుకి ఇదేదీ తెలియదు. కాలు బాగాలేని చెల్లెలుందని తెలిసే వచ్చాడు. కాని ఆయన వచ్చేసరికే ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. చంకకర్ర తలుపు వెనకుంది. ఆమె లేచి నాలుగడుగులు వేస్తే చాలు, నిన్నటి నుంచి ఆ చప్పుడే వింటున్న మనిషి చటుక్కున పట్టేస్తాడు.

అందుకే ఆమె లేవలేదు. నాలుక పిడచకట్టుకుపోతున్నా మంచినీళ్ళకి కూడా లేవలేదు.

“అబద్ధమెందుకు, నేనూ నవ్వానమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మొదటిసారి చూసినప్పుడు స్టేషనంతా నవ్వింది. రెండోసారి చూస్తుంటే పై నుంచి ఫోనొచ్చింది. నవ్వు ఆగిపోయింది.”

“పెద్దాయనగారికి కోపమొచ్చిందా?” అంది వదిన, కిటికీ వైపు నుంచే.

“ఛ ఛ! ఆయనకి హాస్యమంటే ఇష్టం. ఆయన బాధపడింది తన గురించి కాదు.” ఇన్‌స్పెక్టరు టక్కరి వైపు తిరిగాడు. “మీలాంటివాళ్ళ గురించి.”

మీలాంటివాళ్ళు. ఆ మాట వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నట్టనిపించింది ఆమెకి.

“ఆయనకి కాళ్ళు బాగానే ఉన్నాయి కదండీ?” అంది.

“బాగుండడమా! తెల్లారితే పరుగు. మేం జీపులో వెళ్ళినా అందుకోలేం. అదేనమ్మా నేను చెప్పేది. లేని అవిటితనాన్ని మీ అన్నయ్య ఆయనకి తగిలించాడు. చేతకానివాడని చెప్పాలంటే నడవలేనివాడిలా చూపించాలా? మీకు కోపం రాలేదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.”

కోపం వచ్చింది. చిక్కంతా అక్కడే ఉంది. ఇందాక మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పటి నుంచి ఆమె లోపల తిరుగుతున్న మాటలు ఇవే. అక్షరం పొల్లుపోలేదు. ఎవరో తన ఛాతీలో చెయ్యిపెట్టి ఆ మాటల్ని బయటికి తీసి, వాటికి యూనిఫాం తొడిగి, తన ఎదురుగా కూర్చోబెట్టారు.

“ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

“కెమెరా ముందు రెండు మాటలు. నాకు బాధ కలిగింది, చర్య తీసుకోండి, అంతే. తోడబుట్టినదే అన్నాక ఇంక అడ్డుచెప్పేవాడెవడు? హాలుకి తాళం వేసేస్తాం. ఈయన వేషాలు అక్కడితో ఆఖరు.” ఆయన దాచుకోలేదు. “మీరు చెప్పకపోతే నా దగ్గర ఏమీ లేదు. రేపట్నుంచి ఈయన మళ్ళీ ఎక్కి గెంతొచ్చు. ఇవాళ మాత్రం స్టేజీ మీద కాలు పెట్టడానికి వీల్లేదు. పెట్టాడా, అక్కణ్ణుంచే జీపెక్కిస్తాను.”

“నా ఉద్యోగం ఫిర్యాదులు తీసుకోవడమండీ,” అంది టక్కరి. “పొద్దస్తమానం ఫోన్లో అదే పని. ఇవ్వడం నాకు అలవాటు లేదు.”

“ఇవన్నీ కుంటిసాకులమ్మా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.



ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత సాఫీగా జారిందంటే, జారిందని ఆయనకే కాసేపు తెలియలేదు. అమ్మ చేతిలో గిన్నె గుమ్మానికి తగిలి ఖణేల్మంది. ఇన్‌స్పెక్టరు చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

“అంటే... నా ఉద్దేశం అది కాదు. మాటవరసకి...”

“మా అన్నయ్య కూడా మాటవరసకే అన్నాడండీ,” అంది ఆమె.

కిటికీ దగ్గర వదిన దగ్గినట్టు చేసింది. దగ్గు కాదది.

ఇన్‌స్పెక్టరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ క్షణంలో ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. జాలిలాంటిదేదో కలిగింది. రోజూ ఆఫీసులో తను ఎన్నిసార్లు అనలేదు, ‘లైను మూగబోయిందండీ, మళ్ళీ చెయ్యండి’ అని? మాటలు నేర్చుకున్న రోజునే ఇవన్నీ నోట్లో చేరి ఉంటాయి, అన్నంలో రాళ్ళలా. పంటికింద పడేదాకా తెలియదు.

“సాయంత్రం హాల్లో చెప్తాను,” అంది.

అన్నయ్య తలెత్తాడు.

“హాల్లోనా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నవ్వినవాళ్ళంతా అక్కడే ఉంటారు కదా. వాళ్ళ ముందే చెప్తాను. మీరు ముందు వరుసలో కూర్చోండి. కెమెరా తెచ్చుకోండి.”

ఇన్‌స్పెక్టరు ముఖం వెలిగిపోయింది. అన్నయ్య ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

బూట్ల చప్పుడు మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడామె చెయ్యి చాపింది. అమ్మ తలుపు వెనక నుంచి చంకకర్ర తెచ్చి అందించింది.

టక్. జర్ర్. టక్. జర్ర్.

“రా,” అంది అన్నయ్యతో. “లోపలికి రా.”

* * *

రికార్డింగు గది అని పేరే కాని అది పాత సామాన్ల గది. గోడలకి అన్నయ్య పరుపులు కొట్టాడు. తలుపేస్తే లోపలి మాట బయటికి పోదు. ఆ ఇంట్లో మనసారా పోట్లాడుకోవాలంటే అదొక్కటే చోటు.

“ఎప్పుడు పట్టావు దీన్ని?”

“ఒకరోజు పొద్దున. నువ్వు వరండాలో నడుస్తున్నావు. మైకు తెరిచి ఉంది.”

“తెరిచి ఉందా, తెరిచావా?”

“తెరిచాను.”

ఆమె పరుపుకి వీపు ఆనించింది. నిలబడ్డానికి ఏదో ఒక ఆసరా కావాలి.

“అంతకుముందు చెంచాలతో చేసి చూశానే. చెక్కముక్కలతో చేశాను. పాత చెప్పుని నేలకేసి రాశాను. ఒక్కటీ కుదరలేదు. అన్నీ దొంగచప్పుళ్ళే.” ఈ మాటలంటున్నప్పుడు అతని కళ్ళు మెరిశాయి. మంచి పనివాడి మెరుపు అది. ఎంత కష్టంలో ఉన్నా అతను దాన్ని దాచుకోలేడు. ఆ మెరుపంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఇప్పుడు దాన్నే లాగి చెంపమీద కొట్టాలనిపించింది.

“నన్నడిగితే ఇవ్వనన్నానా?”

“అడిగితే... నువ్వు నడిచి చూపిస్తావు. చూపించేటప్పుడు ఆ నడక రాదు.”

“ఓహో. దొంగతనం కూడా కళ కోసమే.”

“టక్కరీ, ఆ చప్పుడంటే నాకిష్టమే!” అతను ఒక్కసారిగా గొంతు పెంచాడు. “బడి నుంచి వచ్చి పుస్తకాలు పడేసి మొదట చెవి పెట్టేవాణ్ణి. టక్ అని వినపడితే నువ్వింట్లో ఉన్నట్టు. వినపడకపోతే మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టు. ఆ చప్పుడు లేని ఇల్లంటే నాకు భయం. తెలుసా నీకు?”

నిజమే చెప్తున్నాడు. అబద్ధమైతే ఎంత తేలికగా ఉండేది!

“అంత ఇష్టమైన చప్పుడుకి జనం ఎందుకు నవ్వారన్నయ్యా?”

అతను పరుపు కుట్లు లెక్కపెడుతున్నట్టు గోడకేసి చూశాడు.

“పేపర్లో రోజూ రాస్తారు. నీళ్ళ పథకం కుంటినడక నడుస్తోందని. నేను ఆ మాటనే తీసుకెళ్ళి స్టేజీ ఎక్కించాను. కొత్తగా నేనేం పుట్టించలేదు.”

“నత్తనడక అని కూడా రాస్తారుగా. నత్తని ఎక్కించాల్సింది.”

“నత్త చప్పుడు చెయ్యదే!”

“అవును. ఎదురుగా నిలబడి అడగదు కూడా.”

ఆమె ఆగలేదు. ఆగలేకపోయింది. లోపల ఏదో మూత తెరుచుకుంది, ఉడుకుతున్నది పొంగుతోంది.

“ఆయన పైపులు వెయ్యలేదు. పంపు పెట్టలేదు. మన వీధి కుళాయికే మూడుసార్లు రిబ్బను కత్తిరించాడు. మూడుసార్లూ గాలే వచ్చింది. గాలి వస్తే ‘పనులు పురోగతిలో ఉన్నాయి’ అని చెప్పమని మాకు ఆర్డరు. రోజంతా అదే చెప్తాను నేను, నిప్పులాంటి గొంతులన్నీ చెవిలో పోసుకుంటూ. ఇంత తమాషా ఉంటే చాల్లేదా నీకు? ఆయన పాలన ఎలా ఉందో చెప్పడానికి నా కాలు కావలసొచ్చిందా?”

పరుపులు ఆ మాటని మింగేశాయి. చిన్న ప్రతిధ్వని కూడా రాలేదు.

“చూడు,” అన్నాడు అన్నయ్య. గొంతు మారింది. “నీ బాధ నాకు అర్థమైంది. కాని ఎగతాళికి గీతలు మనమే గీసుకుంటూ కూర్చుంటే, పోలీసుల చేతికి బలపం మనమే ఇచ్చినట్టు. ఇవాళ కాలు అనొద్దంటారు. రేపు కుళాయి అనొద్దంటారు. ఎల్లుండి అసలు నోరెత్తొద్దంటారు. ఆ ఇన్‌స్పెక్టరుకి నీ కాలంటే అంత ప్రేమా? స్టేషనుకి ఎక్కే మెట్లు చూశావా? నువ్వెళ్ళి ఫిర్యాదు చెయ్యాలన్నా ఎక్కలేవు!”

“తెలుసు.”

“తెలిసీ...”

“వాళ్ళు గీసే గీత నీ నోరు నొక్కడానికి. నేను గీసే గీత నీకు నేను కనపడ్డానికి. ఆ రెండూ నీకు ఒకటే అనిపిస్తే నువ్వు ఉత్త గుడ్డి...”

ఆగిపోయింది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అతని పెదవి కొస వణికింది.

“అను. మధ్యలో ఆపేశావేం? పూర్తిచెయ్యి.”

“నోర్ముయ్.”

“ఇన్‌స్పెక్టరుగారిని పిలవనా? ఎంతో దూరం వెళ్ళుండడు.”

నవ్వు వస్తుందని ఆమెకి తెలిసింది. రాకుండా చంకకర్ర పిడిని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు నవ్వితే అంతా సర్దుకుపోతుంది. ఎప్పుడూ అలాగే సర్దుకుపోయింది ఆ ఇంట్లో, అన్నయ్య ఒక జోకెయ్యడం, ఆమె నవ్వడం. ఈసారి సర్దుకుపోకూడదు.

“సాయంత్రం ఏం చెప్తావు?” అన్నాడతను, నవ్వు తనలోనే చచ్చిపోయాక.

“తెలీదు.”

“నా హాలు మూయించేస్తారే.”

“నీ హాలు సంగతి అడిగావు. నీ వేషం సంగతి చెప్పావు. పోలీసుల సంగతి చెప్పావు. నన్నేమైనా అడిగావా?”

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. ఊరంతా ‘వెటకారం’ అని ముద్దుపేరు పెట్టుకున్న మనిషి, ఎదుటివాడి నోట్లో మాట పూర్తవకముందే జవాబు విసిరే మనిషి, పరుపుల మధ్య నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

తలుపు దభాలున తెరుచుకుంది. వదిన. భుజానికి టికెట్ల సంచి.

“తేలిందా మీ ఇద్దరి పంచాయితీ? హాలు దగ్గర జాతరలా ఉందట. పోలీసులొచ్చారని తెలిసి నిన్నటికి రెట్టింపు వచ్చారు. ఈయన్నేమో ఎక్కనివ్వరు. ఎవరో ఒకరు ఎక్కి ఏదో ఒకటి చెయ్యకపోతే కుర్చీలన్నీ మన నెత్తిమీదే పడతాయి!”

“నేనెక్కుతాను వదినా,” అంది టక్కరి.

“నువ్వా! ఫోన్లో తప్ప నీ గొంతు పక్కగదికి కూడా వినపడదు కదే తల్లీ!”

“ఫోన్లోనే మాట్లాడతాలే.”

వదిన ఆమెని ఎగాదిగా చూసింది. ఆ చూపు కాసేపటికి మెల్లగా రంగు మారింది. ఏదో అర్థమైనట్టు, అర్థమైంది నిజమేనా అని భయపడ్డట్టు.

బయల్దేరేటప్పుడు అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడని అమ్మ. చేతిలో చంకకర్ర అడుక్కి తొడిగే కొత్త రబ్బరు ఉంది.

“పాతది అరిగిపోయిందే. ఇది వేస్తాను. చప్పుడు రాదు.”

టక్కరి అమ్మ చేతిని మూసి, రబ్బరుతో సహా తన చేతుల్లోకి తీసుకుంది.

“వద్దమ్మా. చప్పుడు రావాలి.”

* * *

ఒకప్పుడు అది సరుకుల గోదాము. అన్నయ్యా వదినా కలిసి దాన్ని హాలు చేశారు. తెర వెనక ఇంకా గోనెసంచుల వాసన వస్తుంది.

తెర అవతల జనం హోరు. కుర్చీలు జరుపుతున్నారు, ఈలలు వేస్తున్నారు, “వెటకారం! వెటకారం!” అని లయగా అరుస్తున్నారు. ఆ అరుపు చెక్క స్టేజీలోకి దిగి, అక్కణ్ణుంచి చంకకర్రలోకి ఎక్కి, ఆమె అరచేతిని జలదరింపజేస్తోంది. భయమేనా ఇది? భయమైతే వెనక్కి లాగాలి. ఇది ముందుకి తోస్తోంది.

స్టేజీ పక్కన నేలమీద తెల్ల టేపు అంటించి ఉంది. లైట్ల బాబాయ్ ఇందాకే అంటించాడు. ఎవరికీ బాబాయ్ కాని, అందరికీ బాబాయ్ అయిన ముసలాయన.

“ఇన్‌స్పెక్టరుగారు కొలత చెప్పారమ్మా,” అన్నాడు సిగ్గుపడుతూ. “ఇది దాటితే స్టేజీ కిందే లెక్కట.”

అన్నయ్య ఆ టేపుకి ఇవతల నిలబడి ఉన్నాడు. స్టేజీ మీదకి వెళ్ళాలంటే ఆమె అతని పక్కనుంచే వెళ్ళాలి.

“బాబాయ్, నేను మధ్యకి చేరేదాకా లైటు వెయ్యకండి,” అంది.

“చీకట్లో ఎలా వెళ్తావమ్మా? పడితేనో?”

“ఆరేళ్ళ పిల్లనా, పడ్డానికి? పడితే లేస్తాను. మీరు మాత్రం వెయ్యకండి.”

లైట్లు ఆరాయి. హోరు తగ్గి గుసగుసలైంది.

ఆమె అన్నయ్య పక్కకి వచ్చి ఆగింది. చీకట్లో అతని ఊపిరి వినపడుతోంది.

“టక్కరీ,” అన్నాడు చాలా మెల్లగా. “ఏం చెప్పినా సరే. చెప్పు.”

ఆమె టేపు దాటింది.

టక్. జర్ర్.

చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

టక్. జర్ర్.

“వచ్చాడ్రోయ్ పెద్దాయన!” అని వెనక నుంచి ఒక కేక. అంతే. హాలు భళ్ళున పగిలింది. నవ్వు. కడుపులో నుంచి వచ్చే నవ్వు. నిన్నటి నుంచి సెల్‌ఫోన్లలో విన్న చప్పుడు, పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా నోటితో అనుకరించిన చప్పుడు. “వస్తున్నాయి! దార్లో ఉన్నాయి!” అని వాళ్ళే అరుస్తున్నారు. ఆమె అడుగు పడ్డప్పుడల్లా నవ్వు ఒక మెట్టు పైకెక్కుతోంది.

ఆ నవ్వులోంచి ఆమె నడిచింది. ఒళ్ళు మండుతోంది. చెవులు వేడెక్కిపోయాయి. ఆ మంట అడుగున, ఎక్కడో లోతుగా, తనకే నమ్మశక్యం కానిదొకటి కదిలింది. ఇంతమంది నా అడుగు కోసం ఎదురుచూస్తున్నారు. ఆగితే ఆగుతారు. వేస్తే నవ్వుతారు. వీళ్ళ ఊపిరి నా చంకకర్ర చివర ఉంది.

ఆగింది.

నవ్వు తడబడింది.

టక్. వేసింది. మళ్ళీ ఎగిసింది.

అన్నయ్యకి రోజూ దొరికే మత్తు ఇదా? ఒక్క క్షణం అతను ఎందుకలా చేశాడో పూర్తిగా అర్థమైంది ఆమెకి. అర్థమైనందుకు ఇంకా కోపమొచ్చింది.

మధ్యకి చేరింది. నిలబడింది.

లైటు పడింది.

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరుసలో మొదట ఆగింది. అక్కణ్ణుంచి వరుస తర్వాత వరుసగా వెనక్కి ఆగుతూ వెళ్ళింది. వీధి ఆ చివరి నుంచి వాన వెలిసినట్టు. చిట్టచివర ఒక్కడు, ఇంకా చూడనివాడు, ఒంటరిగా హిహిహి అని నవ్వి, తన నవ్వు తనకే వినపడి ఆపేశాడు.



ముందు వరుస మధ్యలో ఇన్‌స్పెక్టరు. సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. కాని చూస్తున్నది సెల్‌ఫోన్‌ని కాదు, చంకకర్ర అడుగున అరిగిన రబ్బరుని. ఆయన పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా. టక్. జర్ర్. ఆయనకి తెలిసిపోయింది. దొంగిలించిన వస్తువు ఎవరిదో, ఆ మనిషే వచ్చి స్టేజీ మధ్య నిలబడింది.

ఇంకో అడుగు వేసి ఆమె, అన్నయ్య పెద్దాయన వేషంలో కూర్చునే కుర్చీలో కూర్చుంది. సింహాల తలలున్న అట్టకుర్చీ. పక్కనున్న పాత టెలిఫోను రిసీవరు తీసింది.

“నమస్కారం. నీళ్ళ ఫిర్యాదుల విభాగం. చెప్పండి.”

జనం ఊపిరి ఒక్కసారిగా లోపలికి పోయింది. ఆ గొంతు! మర్యాదగా, చల్లగా, ఏ వైపునుంచీ పట్టు దొరక్కుండా ఉండే ఆ గొంతు. ఊళ్ళో ఆ గొంతు విని పళ్ళు కొరుకుతూ ఫోను పెట్టెయ్యని ఇల్లు లేదు. ఇన్నాళ్ళూ దానికి ముఖం లేదు. ఇప్పుడొచ్చింది.

“ఎవరండీ?... అయ్యో, మీరా సార్!” సగం లేచి మళ్ళీ కూర్చుంది. “ఏంటి సార్, మీ ఇంట్లో కూడా నీళ్ళు రావట్లేదా?”

వెనక ఒక ఈల పడింది.

“మా వీధి కుళాయి మూడుసార్లు ప్రారంభించారు కదా సార్, అది తిప్పి చూశారా?... గాలొచ్చిందా? గాలి రావడం మంచిదే సార్. గాలి వచ్చిందంటే పనులు పురోగతిలో ఉన్నట్టు. మీరే చెప్పమన్నారు మమ్మల్ని.”

నవ్వు! ఇది వేరే నవ్వు. ఇందాకటిది మీద పడింది. ఇది పక్కకొచ్చి కూర్చుంది.

“నీళ్ళెప్పుడొస్తాయంటే... నీళ్ళు రావు సార్, ఎప్పుడూ మీరే వస్తారు. లైన్లో ఉండండి సార్. మీకంటే ముందు వేరేవాళ్ళున్నారు. ఎంతమందా?” ఆమె తలెత్తి హాలుని ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. “ఊరంతా ఉంది సార్.”

రిసీవరు ఒళ్ళో పెట్టుకుని పాట మొదలుపెట్టింది. లైన్లో ఉండమన్నాక వాయించే పాట. గంటలకొద్దీ చెవిలో మోగి మోగి, నిద్రలో కూడా వదలని ఆ మాటల్లేని పాట. మొదట ఆమె ఒక్కతే. తర్వాత ఎవరో మూలనుంచి గొంతు కలిపారు. తర్వాత ఒక వరుస. కాసేపటికి హాలు హాలంతా మూసిన పెదవులతో ఆ పాట పాడుతోంది. ఊగుతోంది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటోంది.

ఇన్‌స్పెక్టరు ఆపుకున్నాడు. బుగ్గలు ఉబ్బించి, పైకి చూసి, పళ్ళు బిగించి ఆపుకున్నాడు. ఆఖరికి ఆయన ఇంటి కుళాయి గుర్తొచ్చిందో ఏమో, బుస్సుమని నవ్వేశాడు. ఎత్తిపట్టుకున్న సెల్‌ఫోనులో ఆ నవ్వు కూడా చక్కగా ఎక్కింది.

టక్కరి రిసీవరు పెట్టేసింది. లేచి నిలబడింది. పాట ఆగింది.

“ఇప్పుడు నా ఫిర్యాదు.”

ఇన్‌స్పెక్టరు నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. సెల్‌ఫోను సరిగ్గా పట్టుకున్నాడు.

“ఇందాక చీకట్లో మీరు నవ్వారు. ఆ నడక పెద్దాయనది కాదు, నాది. ఒకడు నన్నడక్కుండా తీసుకెళ్ళాడు. దాన్ని చేతకానితనానికి గుర్తుగా మీకు చూపించాడు.” గొంతు వణికింది. వణకనిచ్చింది. “నా ఫిర్యాదు మా అన్నయ్య మీద. సార్, కెమెరా ఆన్‌లో ఉందిగా?”

“ఉందమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆత్రంగా.

“అయితే ఇదీ పట్టండి. ఈ ఫిర్యాదు మీకివ్వడం లేదు. దీనికి తాళాలూ జీపులూ అక్కర్లేదు. జవాబు కావాలి. అదీ ఇక్కడ, నవ్వినవాళ్ళందరి ముందూ.” ఆమె తల తిప్పకుండానే అంది. “అన్నయ్యా. రా. వచ్చి చెప్పు.”

హాల్లో ఎవరో “అమ్మో” అన్నారు. స్టేజీ ఎక్కితే ఏమవుతుందో అందరికీ తెలుసు. తెర సందులోంచి చూస్తున్న వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టేపు మీద లైటు వెయ్యాలో మానాలో తెలియక లైట్ల బాబాయ్ చేతులు స్విచ్చుల మీద ఆడుతున్నాయి.

చిన్నప్పటి నుంచీ అందరూ ఆమె రాకని చప్పుడుతో గుర్తుపట్టారు. ఆమె ఎవరి అడుగుకోసమూ ఇలా ఎదురుచూడలేదు.

ఎదురుగా ఇన్‌స్పెక్టరు లేవబోతూ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. కుర్చీ కిర్రుమంది.

వెనక్కి తిరిగి చూడకుండా, ఒళ్ళంతా చెవి చేసుకుని, టక్కరి నిలబడింది. చెక్క స్టేజీ మీద అన్నయ్య చెప్పుల అడుగు ముందు పడుతుందో, ఇన్‌స్పెక్టరు బూట్ల అడుగు ముందు పడుతుందో వినడానికి.